ఇంటి వెనక షెడ్డులో చెక్క పొట్టు పట్టే ఏర్పాటు: వ్యాక్యూమా, పెద్ద బ్లోయరా?

గంటస్తంభం_ఉలి (విజయనగరం)

అందరికీ నమస్కారం. ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది, 10 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. సెలవురోజుల్లో అందులో చెక్కపని చేసుకుంటాను. పది అంగుళాల టేబుల్ సా (బల్ల రంపం), మైటర్ సా (అడ్డంగా, ఏటవాలుగా కోసే రంపం), రౌటర్ (చెక్కలో గాడులు తీసే మిషన్), ఆర్బిటల్ శాండర్ (గరుకు కాగితంతో నున్నగా రుద్దే మిషన్) ఉన్నాయి. పొట్టు లాగడానికి 20 లీటర్ల వ్యాక్యూమ్ క్లీనర్ ఒక్కటే దిక్కు. అది కాసేపు బాగా లాగుతుంది, తర్వాత ఫిల్టర్ పూడుకుపోయి మూలుగుతుంది.

రంపం పొట్టుతో నాకు పెద్ద ఇబ్బంది లేదు, చీపురుతో పోతుంది. శాండర్ పెట్టిన రోజున వచ్చే సన్న పొడితోనే గొడవంతా. షెడ్డుకీ వంటింటికీ మధ్య నడవా ఒకటే. పొడి నేరుగా పోపుల డబ్బా దాకా వెళ్తోంది. ఇంట్లో చర్చలు ముగిశాయి, ఇక చర్య తీసుకోవాలి.

బడ్జెట్ పాతిక వేలు. ఉన్న వ్యాక్యూమ్‌కే సైక్లోన్ బకెట్ (గాలిని గిరగిరా తిప్పి పొట్టుని బకెట్లో పడేసేది) తగిలించనా, ఒకేసారి పెద్ద డస్ట్ కలెక్టర్ (బ్లోయర్‌తో పొట్టు లాగి సంచిలో నింపేది) కొననా? వాడేది ఎక్కువగా టేకు, అప్పుడప్పుడు ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన పలక).

నాగావళి_రంపం (శ్రీకాకుళం)

రెండూ వేర్వేరు పనులు చేస్తాయండీ, ఒకదానికి బదులు ఇంకొకటి కాదు. వ్యాక్యూమ్ గట్టిగా లాగుతుంది కానీ కొంచెం గాలినే లాగుతుంది. మామూలు ఇంటి సైజు వ్యాక్యూమ్ నిమిషానికి నూరు, నూటయాభై ఘనపుటడుగులు లాగితే గొప్ప. సన్నటి గొట్టం ఉన్న శాండర్‌కీ, రౌటర్‌కీ అది సరిపోతుంది. టేబుల్ సా కింద ఉన్న నాలుగంగుళాల నోటికి అది చాలదు. అక్కడ గాలి ఎక్కువ కావాలి, ఒత్తిడి తక్కువైనా పరవాలేదు. ఆ పనికే బ్లోయర్.

మీ కంప్లయింటు శాండర్ గురించి కాబట్టి ముందు వ్యాక్యూమ్‌కి సైక్లోన్ పెట్టండి. చవక, పైగా ఈ వారంలోనే అయిపోతుంది. పొట్టులో నూటికి తొంభై పాళ్ల పైన బకెట్లో పడిపోతే ఫిల్టర్ పూడుకోదు, లాగుడు తగ్గదు. రంపం సంగతి తర్వాత.

పలాస_పనసచెక్క

బకెట్ విషయంలో జాగ్రత్త అన్నా. మా ఫ్రెండు పెయింటు బకెట్ మీద సైక్లోన్ బిగించాడు. గొట్టం నోటికి చెక్క ముక్క అడ్డం పడగానే బకెట్ ధబ్మని లోపలికి నొక్కుకుపోయింది. మందం బకెట్ కొనండి, లేదా ఒకదాంట్లో ఒకటి రెండు దూర్చండి.

నాకూ ఇదే సమస్య కాబట్టి ఈ చర్చ వదలను. తిత్లీ తుఫానులో పడిపోయిన పనస చెట్లు మా తాతగారు అప్పట్లోనే కోయించి పలకలుగా పేర్చారు. 2018 నుంచి ఆరుతున్నాయి. ఇప్పుడు తీసి పని మొదలెడితే షెడ్డంతా పసుపు పొడి.

బొబ్బిలి_బాడిస

నేను చిన్నప్పట్నుంచీ చెక్కపనిలోనే ఉన్నాను బాబూ. మా వైపు గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లు ఒకే పనస మొద్దుని బాడిసతో, ఉలితో తొలుస్తారు. అక్కడ పేళ్లు పడతాయి, చిత్రిక పట్టిన చుట్టలు పడతాయి, పొడి లేవదు. మిషన్లు వచ్చాకే ఈ పొడి. మిషన్ కొన్నారు, ఇప్పుడు మిషన్ చేసిన పొడికి ఇంకో మిషన్ కొంటున్నారు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని, తలుపులు తీసి పని చేసుకోండి. పాతిక వేలకి మంచి టేకు పలకలు వస్తాయి.

మందులషాపు_మావయ్య (శ్రీకాకుళం)

మేస్త్రి గారూ, చేతి పనిముట్ల గురించి మీరన్నది అక్షరాలా నిజం. తువ్వాలు మాట మాత్రం ఒప్పుకోను. తువ్వాలు ఆపేది కంటికి కనిపించే పొట్టుని. దాన్ని ఎలాగూ మన ముక్కు, గొంతు పట్టుకుని చీదిస్తాయి, ఉమ్మిస్తాయి. ఊపిరితిత్తుల అడుగుకి దిగేది పది మైక్రాన్ల లోపుది. తల వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్లు అనుకుంటే పది ఎంతో ఊహించుకోండి. నేత బట్ట దారాల మధ్య సందులు దానికి రాజమార్గం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే కాన్సర్ పరిశోధన సంస్థ చెక్క పొడిని 1995లోనే మొదటి గ్రూపులో పెట్టింది. అంటే మనిషికి కాన్సర్ తెస్తుందని రుజువైనవాటి జాబితా. ముక్కు లోపల, దాని పక్కన ఉండే గాలి గదుల్లో వచ్చే కాన్సర్. ఏళ్ల తరబడి ఫర్నిచర్ ఫ్యాక్టరీల్లో పొడి మధ్య పనిచేసినవాళ్లలో కనిపించింది. సెలవురోజు పనివాడికి అంత ప్రమాదం ఉండదు కాబట్టి భయపెట్టడానికి చెప్పడం లేదు. కానీ టేకు పొడికి చర్మం దద్దుర్లు, రోజ్‌వుడ్‌కి ఆయాసం మా షాపుకి వచ్చేవాళ్లలో చూస్తూనే ఉంటాను. ఎండీఎఫ్‌లో జిగురు కూడా ఉంది, అందులో ఫార్మాల్డిహైడ్. ఎండీఎఫ్ కోసే రోజున ఎన్95 మాస్కు ముఖానికి అతుక్కుని ఉండాలి. గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది, అప్పుడు పెట్టుకున్నా ఒకటే, మానినా ఒకటే.

బొబ్బిలి_బాడిస

మా మావ ఒకాయన ముసలితనంలో ఒకటే దగ్గు. బీడీ వల్ల అనుకున్నాం. సరే, చెప్పండి వింటాను.

ఫ్యాన్_మాస్టారు (విజయనగరం)

రిటైరయ్యాను, అంతకుముందు మిల్లుల్లో బ్లోయర్లు, డక్టులు చూసే ఉద్యోగం. రెండు మూడు లెక్కలు చెప్తాను, ఓపికుంటే చదవండి.

పొట్టు గొట్టంలో కింద పడకుండా ఎగురుతూ పోవాలంటే గాలి సెకనుకి 20 మీటర్ల వేగంతో కదలాలి. నాలుగంగుళాల గొట్టంలో ఆ వేగం రావాలంటే నిమిషానికి సుమారు 350 ఘనపుటడుగుల గాలి కావాలి. ఆరంగుళాల గొట్టమైతే సుమారు 800. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. పెద్ద గొట్టం మంచిదని ఒక హెచ్‌పీ బ్లోయర్‌కి ఆరంగుళాలు తగిలిస్తారు, వేగం చాలక పొట్టంతా గొట్టం అడుగున పేరుకుంటుంది. ఇంకొందరు నాలుగంగుళాల నోటికి రెండంగుళాల గొట్టం తగిలిస్తారు. వ్యాసం సగమైతే దారి నాలుగో వంతే మిగులుతుంది.

డబ్బా మీద రాసిన అంకె నమ్మొద్దు. అది గొట్టం, సంచి, ఫిల్టర్ ఏవీ తగిలించకుండా ఉత్త బ్లోయర్ ఊదే గాలి. అన్నీ బిగించాక అందులో సగం దక్కితే అదృష్టం. మీ షెడ్డుకి ఒకటిన్నర లేదా రెండు హెచ్‌పీ, నాలుగంగుళాల గొట్టం, అదీ వీలైనంత పొట్టిది. ముడతల హోస్ చివర్లో రెండు మూడు అడుగులకి మించకూడదు. అదే పొడవు నున్నటి పైపు కంటే అది రెండు మూడింతలు అడ్డు పడుతుంది.

మలుపుల దగ్గర 90 డిగ్రీల బెండు ఒకటి బదులు 45వి రెండు పెట్టండి. పైపు చీలే చోట T ఆకారపు అతుకు వద్దు, Y ఆకారానిది పెట్టండి. బాత్రూమ్ డ్రైనేజీకి వాడే 110 ఎంఎం పైపులు చాలు, ప్రత్యేకమైనవి కొనక్కర్లేదు. వాటిలో మూత ఉన్న డోర్ బెండు దొరుకుతుంది. ఎక్కడైనా పేడు ఇరుక్కుంటే విప్పి తీయొచ్చు. కొనడానికి వెళ్లేటప్పుడు మీ హోస్ ముక్క ఒకటి జేబులో పెట్టుకెళ్లండి. షాపులో అన్నీ నాలుగంగుళాలే అంటారు, ఇంటికొచ్చాక ఒకటీ ఒకదాంట్లో ఒకటి దూరదు.

గంటస్తంభం_ఉలి

మాస్టారూ, చాలా థాంక్స్. ఒక సందేహం. ఒక మిషన్ వాడేటప్పుడు మిగతా గొట్టాలకి గేటు వేసేస్తే మోటారు మీద లోడు పెరిగి కాలిపోదా?

ఫ్యాన్_మాస్టారు

ఈ రకం బ్లోయర్‌లో అది తలకిందులుగా ఉంటుంది. నోరు మూస్తే కదిలించాల్సిన గాలి తగ్గుతుంది, కరెంటు కూడా తగ్గుతుంది. గొట్టం తీసేసి పూర్తిగా తెరిచి నడిపితేనే ఆంపియర్లు పెరుగుతాయి. క్లాంప్ మీటరు పెట్టి మీరే చూడొచ్చు. గేట్లు ప్లైవుడ్‌తో చేసుకోండి, జారుడు పలక చాలు. ఒక్కసారి ఒక్కటే తెరవండి.

పార్వతీపురం_బొమ్మలు

నమస్తే అన్నయ్యా. నేను చిన్నపిల్లల చెక్క బొమ్మలు చేస్తాను, నా పనిలో ముప్పాతిక వంతు శాండింగే. ఒక మాట చెప్పాలి. శాండర్‌కి గొట్టం తగిలించడంతో పాటు కింద కాగితంలోని చిల్లులు శాండర్ చిల్లులతో సరిగ్గా కలిశాయో లేదో చూసుకోండి. కొంచెం పక్కకి అతికిస్తే ఎంత మంచి వ్యాక్యూమ్ పెట్టినా పొడి బయటికే. చిన్న ముక్కలకి నేను చిల్లుల బల్ల చేసుకున్నాను. ప్లైవుడ్ పెట్టె, పైన వరసగా చిల్లులు, పక్కన గొట్టం. చేత్తో గరుకు కాగితం రుద్దినా పొడి కిందికే దిగిపోతుంది.

ఇంకొకటి, చీకటి పడ్డాక లైటు ఆపి టార్చి అడ్డంగా వేసి చూడండి. గాలి శుభ్రంగా ఉందనుకున్న గదిలో ఎంత పొడి తేలుతోందో కనిపిస్తుంది. శాండర్ ఆపాక కూడా అది చాలాసేపు దిగదు. మాస్కు వెంటనే తీసేయకూడదని నాకు అర్థమైంది అలాగే.

నాగావళి_రంపం

ఇప్పుడు అసలు విషయం. బ్లోయర్ ఎక్కడ పెడుతున్నారు? మార్కెట్లో దొరికే కలెక్టర్లకి వచ్చే గుడ్డ సంచి చాలా మటుకు 30 మైక్రాన్లది. అంటే పెద్ద పొట్టుని సంచిలో దాచి, సన్న పొడిని గది అంతా సమంగా చల్లుతుంది. మందులషాపు గారు చెప్పిన ప్రమాదమంతా ఆ సన్న పొడిలోనే. నేల శుభ్రంగా కనిపిస్తుంది, ఊపిరికి మాత్రం ముందుకంటే హీనం. ఒక మైక్రాన్ ఫెల్టు సంచి గానీ, కార్ట్రిడ్జ్ ఫిల్టర్ గానీ వేరే కొనాలి, వాటి ధర బ్లోయర్ ధరలో పెద్ద ముక్కే.

నా సలహా వేరు. ఆ ఫిల్టరే వద్దు. సైక్లోన్‌తో పొట్టు డ్రమ్ములో పడేసి, మిగిలిన గాలిని గోడ బయటికి వదిలేయండి. వీడియోల్లో అమెరికా వాళ్లు దీనికి ఎందుకు భయపడతారంటే, చలికాలంలో హీటర్ పెట్టి వెచ్చబరిచిన గాలంతా నిమిషాల్లో బయటికి పోతుంది. మనకి హీటరెక్కడిది, ఏసీ ఎక్కడిది! రేకుల షెడ్డులో గాలి మారడమే వరం. వాళ్ల సమస్యని మనం డబ్బులిచ్చి కొనుక్కోవడం దేనికి?

ఫ్యాన్_మాస్టారు

పూర్తిగా సమర్థిస్తున్నాను. ఒక షరతు: ఎంత గాలి బయటికి పోతుందో అంత లోపలికి రావాలి. తలుపులన్నీ బిగించుకుంటే బ్లోయర్ లాగలేదు. బ్లోయర్‌కి ఎదురు గోడన ఉన్న కిటికీ తెరిచి ఉంచాలి. అప్పుడు మీ నడవాలోంచి వంటింటికి పోయే గాలి కూడా వెనక్కి తిరుగుతుంది, ఇంట్లోంచి షెడ్డులోకి వీస్తుంది. మీ ఇంటి గొడవకి ఇదే మందు.

పార్వతీపురం_బొమ్మలు

మరి పక్కింటి వాళ్లో? వేసవిలో డాబా మీద వడియాలు, ఊరమిరపకాయలు ఎండుతుంటాయి. మీరు వదిలే పొడి వాటి మీద పడితే పంచాయతీ మీ షెడ్డు గుమ్మంలోనే. మా పక్కింటి పిన్ని ఉతికిన దుప్పటి తెచ్చి చూపించింది కాబట్టి చెప్తున్నాను.

నాగావళి_రంపం

నిజమే అమ్మా, ఇది తేలిగ్గా తీసుకునేది కాదు. సైక్లోన్ లేకుండా నేరుగా బయటికి ఊదితే పక్కింటి వాళ్లతో తగువే. సైక్లోన్ ఉంటే బయటికి వెళ్లేది బరువులో చాలా తక్కువ, అది గాలిలో పలచబడిపోతుంది. అయినా గొట్టం ముఖం పక్కింటివైపు పెట్టకూడదు. రేకుల కంటే పైకి లేపి, వాన పడకుండా టోపీ పెట్టాలి. ఎండాకాలం పొద్దున పడమటి గాలి, మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు గాలి వస్తుంది మాకు. నేను గాలి ఖాళీ స్థలం వైపు తిరిగాకే శాండింగ్ పెట్టుకుంటాను. గోడకి గోడ ఆనుకుని ఇళ్లుంటే మాత్రం ఫిల్టర్ డబ్బులు పెట్టక తప్పదు, అక్కడ నేను వాదించను.

బొబ్బిలి_బాడిస

సైక్లోన్ సైక్లోన్ అంటున్నారు, ఇది రైసు మిల్లుల్లో తవుడు పట్టేదే కదా? పైన గుండ్రటి డ్రమ్ము, కింద గరాటా. మా ఊరి మిల్లు మీద నా చిన్నప్పట్నుంచి ఉంది. అవి చేసే రేకు పనివాళ్లు రాజాంలో ఉన్నారు, విజయనగరంలో ఉన్నారు. ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్‌ది కొనే బదులు వాళ్లకి కొలతలిస్తే చేసి పెడతారు.

ఫ్యాన్_మాస్టారు

మేస్త్రి గారూ, ఈ చర్చ మొత్తంలో అతి విలువైన మాట మీదే. అదే యంత్రం, అదే సూత్రం. గాలి పక్కనుంచి దూరి గోడ వెంట గిరగిరా తిరుగుతుంది. బరువైనది గోడకి కొట్టుకుని కిందికి జారుతుంది, తేలికైన గాలి నడిమి గొట్టంలోంచి పైకి పోతుంది.

మిల్లుకి చేసే కొలత మాత్రం వద్దు, మన బ్లోయర్‌కి అది మరీ పెద్దది. డ్రమ్ము వ్యాసం అడుగు, అడుగున్నర మధ్య ఉంటే చాలు. గరాటా పొడవు వ్యాసానికి రెట్టింపైనా ఉండనివ్వండి. పొట్టి గరాటాలో సన్న పొడి దిగదు. గాలి దూరే నోరు డ్రమ్ము మధ్యకి కాదు, అంచుకి ఆనుకుని ఉండాలి. లోపల అతుకులు గరుకు లేకుండా రుద్దించండి. అన్నిటికంటే ముఖ్యం అడుగున పొట్టు డబ్బా మూత. అక్కడ సన్న సందు ఉన్నా బయటి గాలి పైకి పీల్చుకుంటుంది, పడిన పొట్టుని మళ్లీ లేపేస్తుంది. సైక్లోన్ పనిచేయడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో సగం ఆ మూత దగ్గరే తేలతాయి.

పలాస_పనసచెక్క

మాస్టారూ, పీవీసీ పైపులో స్టాటిక్ కరెంటు పుట్టి పొట్టు పేలిపోతుందని ఒక వీడియోలో చూశాను. టెన్షన్‌గా ఉంది.

ఫ్యాన్_మాస్టారు

పేలాలంటే ఘనమీటరు గాలిలో పదుల గ్రాముల పొడి తేలాలి. మీ గొట్టంలో అంత ఉండదు. ఫ్యాక్టరీల్లో పేలుళ్లు జరిగాయి, అవి టన్నుల కొద్దీ పొడి దగ్గర. స్టాటిక్ వల్ల మీకు జరిగేదల్లా గొట్టం ముట్టుకుంటే చురుక్కుమనడం. పైపు చుట్టూ రాగి తీగ చుట్టి ఎర్త్‌కి కలిపితే అదీ తగ్గుతుంది.

నిజంగా భయపడాల్సింది నిప్పు గురించి. పాత తలుపు చెక్క కోస్తుంటే మేకు తగిలి నిప్పురవ్వ పొట్టు డబ్బాలోకి పోతుంది, రాత్రంతా లోపల రాజుకుంటుంది. ఇనుము రుద్దే గ్రైండర్‌ని ఈ గొట్టానికి ఎప్పుడూ తగిలించొద్దు. సాయంత్రం పని అయ్యాక డబ్బా ఇంటి గోడకి దూరంగా కుమ్మరించండి. అవిసె నూనె పూసిన గుడ్డల్ని కూడా ఉండచుట్టి పొట్టులో పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట పరిచి ఆరనివ్వండి.

గంటస్తంభం_ఉలి

కరెంటు సంగతి? షెడ్డుకి ఇంట్లోంచి ఒకే లైను ఉంది, ఒకే 16 ఆంప్ ప్లగ్గు.

నాగావళి_రంపం

చాలదు. రంపం ఎనిమిది ఆంపియర్లు, ఒకటిన్నర హెచ్‌పీ బ్లోయర్ మరో ఏడెనిమిది. నడిచేటప్పుడే అంచు దాకా వచ్చేశారు. మోటారు మొదలయ్యే క్షణంలో దానికి అయిదారు రెట్లు లాగుతుంది. బ్లోయర్‌కి విడిగా లైను, విడిగా ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్చి) వేయించండి. ముందు బ్లోయర్, అది పూర్తి వేగం అందుకున్నాక రంపం. సాయంత్రాలు మీ వీధిలో వోల్టేజీ పడిపోతుంటే ఆ సమయంలో బ్లోయర్ వేయొద్దు, వైండింగ్ వేడెక్కుతుంది. మీటరు లోడు ఎంతుందో కూడా ఎలక్ట్రీషియన్‌ని చూడమనండి.

మోడరేటర్

బ్లోయర్ల ధరలు, ఫలానా షాపు మంచిదా కాదా అనే పోస్టులు కొనుగోలు విభాగంలోకి మార్చాం. ఇక్కడ పనితీరు వరకే మాట్లాడుకుందాం.

పలాస_పనసచెక్క

వచ్చిన పొట్టు ఏం చేస్తున్నారు అందరూ? మా నాయనమ్మ పొట్టు పొయ్యి కావాలంటోంది.

బొబ్బిలి_బాడిస

ఇవ్వు, మధ్యలో కర్ర నిలబెట్టి చుట్టూ దిమ్మిస కొట్టి, కర్ర లాగేసి ముట్టిస్తే గంటల తరబడి మండుతుంది. ఎండీఎఫ్, ప్లైవుడ్ పొట్టు మాత్రం పొయ్యిలో వేయకు, జిగురు పొగ. మొక్కలకి పచ్చి పొట్టు నేరుగా వేయకు, ఆకులు పసుపు పచ్చబడతాయి. పెంటలో కలిపి మగ్గబెట్టు.

గంటస్తంభం_ఉలి

చేసినంత వరకు చెప్తాను. వ్యాక్యూమ్‌కి చిన్న సైక్లోన్ బకెట్ పెట్టి శాండర్‌కే వదిలేశాను. ఒకటిన్నర హెచ్‌పీ బ్లోయర్‌ని షెడ్డు బయట వెనక గోడకి బిగించి, పైన రేకు చూరు దించాను. శబ్దం కూడా బయటే ఉండిపోయింది. రేకు పనాయనకి మాస్టారు చెప్పిన కొలతలిస్తే, ఇంత చిన్న మిల్లు ఎక్కడుందండీ అని అడిగాడు. గాలి గొట్టం రేకుల పైకి లేచి ఖాళీ స్థలం వైపు తిరిగింది. గేట్లు మూడు. పైపులు, రేకు పని, వైరింగు కలిపి బడ్జెట్ కొంచెం దాటింది, దాటించింది వైరింగే.

టేబుల్ సా బ్రహ్మాండం. మైటర్ సా మాత్రం లొంగడం లేదు. వెనక గొట్టం పెట్టినా పొట్టు సగం ముందుకీ పక్కలకీ చిమ్ముతోంది.

పార్వతీపురం_బొమ్మలు

అది అందరికీ అంతే అన్నయ్యా. బ్లేడు తిరుగుతూ ఎటు పడితే అటు విసురుతుంది. వెనకాల మూడు వైపులా ప్లైవుడ్‌తో గూడు కట్టి, గూడు అడుగున గొట్టం పెట్టండి. రంపానికి ఉన్న చిన్న నోటికి వ్యాక్యూమ్, గూటికి బ్లోయర్, రెండూ కలిపి నడిపితే చాలా వరకు దొరుకుతుంది.

నాగావళి_రంపం

బ్లేడు వెనక వేలాడే రబ్బరు నోరు బాగా చిన్నది. సైకిల్ ట్యూబు ముక్క కోసి దానికి పొడిగింపుగా అతికించండి, చెక్కకి తగిలేంత కిందికి. నాది అలాగే ఉంది. మిగిలింది చీపురుకి. ఊడ్చేటప్పుడు కూడా మాస్కు ఉండాలి, దిగిన పొడి మళ్లీ లేచేది అప్పుడే. ఊడ్చే బదులు వ్యాక్యూమ్‌తో లాగితే ఇంకా మేలు.

పలాస_పనసచెక్క

అన్నా, డబ్బా మూతకి ఏం వేశావు? నాది ఎంత బిగించినా పొడి పైకే పోతోంది.

గంటస్తంభం_ఉలి

తలుపులకి అతికించే స్పాంజి టేపు, రెండు వరసలు, అతుకులు ఎదురెదురుగా. దాని మీద డ్రమ్ముకి వచ్చే ఇనుప రింగు బిగింపు. బ్లోయర్ వేసి మూత చుట్టూ అగరుబత్తి తిప్పి చూడు తమ్ముడూ, పొగ ఎక్కడ లోపలికి లాగితే సందు అక్కడే. డబ్బాలో పొట్టు ముందు తీసేసి, నిప్పు తగలకుండా చూసుకో. నాకు అతుకు దగ్గర దొరికింది.